ఆరున్నర

పేజీ అడుగున నాలుగు గళ్లుండేవి.
బొమ్మలకొకటి, చప్పుళ్లకొకటి,
చేతికి లొంగడానికొకటి,
నాలుగోది సరదాకి.
కూడి నాలుగుతో భాగిస్తే
ఆట ఎంతదో తేలిపోయేది.

పొర్తో అలెగ్రిలో మందుల కొట్టు మీద మేడగది, మా పత్రిక.
తొంభై ఏడు, జూలై చలి.
ఒడిలోన్ మాతె బుర్రలోంచి వేడివేడిగా పీలుస్తూ
కార్ట్రిడ్జ్ ఒకటి నా బల్ల మీదికి గిరాటేశాడు.
"ఎల్లుండికి పేజీ కావాలి."
"రెండు రోజులేనా?"
"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
కుండంతా తింటావా వల్దిర్?
ఒక్క మెతుకు పట్టు."

పట్టాను.
ఉప్పు మోసే పడవ ఆట అది.
అన్నీ జపాను అక్షరాలు, ఒక్కటీ నాకు రాదు.
ఒక ముసలి పడవవాడు, ఉప్పుటేరు,
ఒంటికాలి మీద కొంగలు.
బటన్ నొక్కితే గడ దిగుతుంది,
మళ్లీ నొక్కితే లేస్తుంది.
శత్రువు లేడు. తరిమేవాడు లేడు.
కాల్చడానికి కనీసం ఒక పీపా అయినా లేదు.

తెల్లవారుజామున మూడింటికి వంతెన వచ్చింది.
దాని కింద గోడలా పొగమంచు.
పడవ ముక్కు మంచుకి ఆనించి
గంటసేపు గడ వేశాను,
బొటనవేలు బొబ్బెక్కేదాకా.
జానెడు జరగలేదు.

అప్పుడు రాశాను:
"వంతెన దాటాక ఏమీ లేదు,
చేసినవాళ్లకి అక్కడే నిద్రొచ్చినట్టుంది."
ఆ వాక్యం నాకెంత నచ్చిందో!
ఒడిలోన్ పొట్ట పట్టుకు నవ్వి
దాన్ని పెద్దక్షరాల్లో, పసుపు పట్టీ మీద వేశాడు.
బొమ్మలకి ఏడు. చప్పుళ్లకి ఎనిమిది;
గడ నీళ్లలోంచి లేచేటప్పుడు దాని కొసనుంచి రాలే చుక్కలకి
తొమ్మిదివ్వాలనుకున్నాను, మొహమాటపడ్డాను.
లొంగడానికి ఐదు.
సరదాకి ఆరు.

ఆరున్నర.
అందులో అర నాది కాదు, భాగహారానిది.

ఏడు దాటని ఆటని అద్దెకొట్లవాళ్లు తెప్పించేవాళ్లు కారు.
ఆ సంగతి నాకు తెలుసు.
తెలిసే రాత్రుళ్లు నిద్రపోయాను, బాగానే పట్టింది.

పత్రిక పోయింది. నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాను.
మొన్న పెలోటస్‌లో ఒక మోటారు చూడబోతే,
ఆ ఇంటావిడ జుల్మీరా, ఒకప్పుడు ఆటలు అద్దెకిచ్చేదట,
కూలి కింద కొంత డబ్బూ, ఒక అట్టపెట్టే ఇచ్చింది.
అడుగున అదే ఆట.
పెట్టె వెనక నా పేజీ కత్తిరించి అంటించి ఉంది,
పసుపు పట్టీ వెలిసిపోయి, ముసలి పన్ను రంగులో.

ఇంటికొచ్చి కన్సోల్‌లో పెట్టి చూశాను.
మొదటి వరసలో దాచిన ఆట ఉంది.
పేరు ఇరాసి. రెండు వందల పన్నెండు గంటలు.
తెరిచాను.
గడ పడవలో అడ్డంగా పడుకుని ఉంది.
వంతెన వెనక ఉంది.
వెనక!
ముందు ఉప్పు కుప్పలు, వాటి మీద వెన్నెల,
ఒక పాకలో దీపం, ఎవరో చెయ్యూపుతున్నారు
పడవవాడికి, లేదా నాకు.

జుల్మీరాకి ఫోన్ చేశాను.
"ఇరాసా? చేపల ఫ్యాక్టరీలో రాత్రి పని.
శనివారం పొద్దున్నే వచ్చేది, చేతులకి ఆ వాసనతోనే.
కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూచునేది, నొక్కేదే కాదు.
బటన్లు అరగట్లేదు కదాని
సగం డబ్బులే తీసుకునేదాన్ని.
నాలుగేళ్లు వచ్చింది. తర్వాత రాలేదు."

నొక్కేదే కాదు.
లొంగడానికి ఐదు వేశాను నేను.
ఎవరు ఎవరికి లొంగాలో ఆ గడి మీద రాసిలేదు మరి.

ఇప్పుడు తెర మూల ఒక ఎర్ర గుర్తు మిణుకుతోంది:
లోపలి బ్యాటరీ అయిపోవచ్చింది.
మార్చడం నాకు చిటికెలో పని.
మారుస్తే ఇరాసి చెరిగిపోతుంది.
మార్చకపోతే తనంతట తనే పోతుంది,
రేపో, వచ్చే చలికాలానికో.

మళ్లీ మార్కులు వేయమంటే
సరదాకి ఆరే వేస్తానేమో, అబద్ధమెందుకు.

టంకం కర్ర బల్ల మీద చల్లగా ఉంది.
కంట్రోలర్ ఒళ్లో ఉంది.
పాక దగ్గర ఆ చెయ్యి ఇంకా ఊగుతోంది.