ఏ తెలుపు?

"తెల్లరంగు కా, పావు లీటరు చాలు" అన్నాడు రవణయ్య
కౌంటరు మీద తాళాలు పెడుతూ.
ఏ తెలుపు నా, అన్నాను.
బియ్యం కొట్లో ఏ బియ్యమని అడిగినట్టు చూశాడు.
అక్కడా అడుగుతారు కదా నా,
మొలగొలుకులా, జిలకర సన్నాలా అని.

మినీ బైపాసులో మిట్టమధ్యాహ్నం.
బయట కారు, ఎడమ తలుపు మీద మూరెడు గీత.
కోట దగ్గర రొయ్యల గుంట గేటు
తనంతట తనే వచ్చి గీసిందట.
ఓనరు మద్రాసు నుంచి రాత్రి రైలుకు దిగుతాడు.
అంతలోపల ఆ గేటు రానట్టు చెయ్యాలి నేను.

ఇస్కపల్లి ఉప్పు ఒక తెలుపు.
దాని మీద పొద్దు వాలితే ఇంకో తెలుపు.
గంజి పంచె, పాత సున్నం, విరగబోయే ముందు పాలు.
మా బీరువాలో తెలుపు పేరుతో పందొమ్మిది అట్టముక్కలు,
ఒకదాన్నొకటి ఒప్పుకోవు.

కోడ్ కావాల నా, బండికి పుట్టుమచ్చ అది.
ఆర్సీ కార్డిచ్చాడు. అందులోనూ తెలుపనే ఉంది.
సర్కారుకు అన్ని తెలుపులూ ఒకటే.
బానెట్ ఎత్తితే ఎండాకులు, ఎలుక కొరికిన వైరు.
స్టెప్నీ కింద ఇసుక, రొయ్యల మేత వాసన.
డ్రైవరు తలుపు తీసి స్తంభం చూశాను.
రేకు ఉండాల్సిన చోట
పెంచలకోన నరసింహస్వామి స్టిక్కరు.

రవణయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు.
"నువ్వే తియ్యి కా, నా చేత్తో వొద్దు."
వేడిగాలి పట్టి, గోటితో అంచు లేపాను.
స్వామి చిరగలేదు.
కింద, జిగురు మరకలో
నాలుగు, సున్నా, ఏడు, చివర పి.
ఆ పి చూసి స్టూలు మీద కూర్చున్నాను.
ముత్యమని దానర్థం. వట్టి తెలుపు కాదు,
మూడు పూతలు, మూడింతల డబ్బు.

మెరుపు డబ్బా మూత తీసి పుల్లతో తిప్పాను.
ముత్యమూ లేదు గిత్యమూ లేదు అందులో,
పొడి కొట్టిన అభ్రకం.
ఏ దేశపు గనిదో డబ్బా చెప్పదు.

మా చెంచమ్మవ్వ సైదాపురంలో అభ్రకం చీల్చేది.
పుస్తకంలాంటి రాయిని కొడవలి మొనతో
పేజీ పేజీ విడదీసి,
ఎండకు పట్టి చూసి,
మచ్చలేనిది ఒక గంపలోకి, మచ్చది ఒక గంపలోకి.
కూలి తూకానికి.
రాత్రి సంగటి ముద్దలో మెరిసేది,
పేలు చూస్తుంటే తలలో మెరిసేది,
దగ్గితే కొంగులో మెరిసేది.
ఆ చివరి మెరుపు గురించి
ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

తూకం మీద డబ్బా. తెల్లది నూట ఎనభై గ్రాములు.
నల్లది సున్నా పాయింట్ నాలుగు.
అవును నా, నలుపు పడాల,
లేకుంటే అది తెలుపు కాదు, సున్నం.
కోడ్ చెప్పిందంతా చెప్పినట్టే పోశాను.
అట్టకు కొట్టి, ఆరబెట్టి, తలుపు పక్కన పట్టాను.
కలవలేదు.

కోడ్ చెప్పేది పుట్టిననాటి తెలుపు.
ఇది ఎనిమిది రోహిణికార్తెలు కాగిన తెలుపు.
ఒక చుక్క పసుపు. మళ్లీ ఎండలోకి.
ఇంకో అరచుక్క.
అరచుక్క ఏ కాగితంలోనూ ఉండదు, పుల్ల మొనకు తెలుసు.

పక్క షెడ్డులో జిలానీ గన్ను కడుక్కుని కేకేస్తుండాడు.
"ఓనరు కనిపెడతాడా కా?"
ఎదురుగా నిలబడితే కనిపెట్టడు నా.
తెల్లారే వెలుతుర్లో, పక్కనుంచి, వంగి చూస్తే చెప్పలేను.
"ఆయన వంగడు" అన్నాడు రవణయ్య,
వచ్చినకాడ్నించి అప్పుడే నవ్వాడు.

స్వామిని బెత్తెడు పైకి అంటించాను, అంకెలు కనపడేట్టు.
మిగిలిన నలభై గ్రాములు సీసాలో పోసి
కోడ్ రాసి, పక్కన
'ఒకటిన్నర చుక్క' అని కూడా రాశాను.

ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కి కమ్మీ పట్టుకుంటే
మణికట్టు మీద సన్నగా ఏదో మెరుస్తా ఉంది.
తిన్నరుతో కడిగినా పోలేదు.
కొంగుతో తుడవబోయి ఆగాను.
రేపట్నించి మాస్కు మరిచిపోకూడదు.