పరిగె

మైదానం సొగసు గురించి
ఆడినోళ్ళను అడగొద్దు, మోసినోణ్ణి అడుగు.
వాళ్ళకు కండ్లు చెప్తాయి.
నాకు అరికాళ్ళు చెప్పినాయి,
ముప్పైయొక్క ఏండ్లు.

కుప్పంలో తెల్లారుజాము రైలెక్కి దిగితే
బెంగుళూరు నడిబొడ్డున మొదటిది.
గోడవతల బస్సుల మోత,
గోడలోపల దువ్విన తల లాంటి గడ్డి,
వానచెట్ల నడుమ సన్నటి దోవ.
జానెడు పక్కకు పోయినా
కొమ్మ ఒకటి ఠక్కున కొట్టి పంపుతుంది.
రిటైరైన జడ్జి పొన్నప్ప గారికి
అదంటేనే ప్రాణం.
"జీవితమంతా నేనేసినా శిక్షలు,
ఈడ నాకు పడతాయి చెంగల్రాయా" అని
నవ్వుకుంటా పొదల్లోకి పోయేవాడు.

ఊటీది వేరే.
అది మైదానం కాదు, పడుకున్న కొండ.
సమంగా ఉన్నట్టే ఉంటాది,
బంతి మాత్రం లోయ మాట వింటాది.
మంచు దిగితే జెండా కనపడదు.
నన్ను ముందు పంపి అరవమనేవాళ్ళు.
తెల్లటి గోడ అవతల నిలబడి
"ఈడా! ఈడా!" అని అరిచేవాణ్ణి.
నా గొంతుకు గురిపెట్టి కొట్టేవాళ్ళు.
భయమే.
అయినా అంత మంది నా మాట కోసం చెవులు రిక్కించింది
మళ్ళీ ఎప్పుడూ లేదు.

సముద్రం పక్కది ఒక్కసారే చూసినా.
చెట్టు లేదు, దాపు లేదు.
గాలే ఆడతాది, మనుషులు చూస్తారు.
సంచీలో ఉప్పు, టోపీలో ఇసక.

బంగారు గనుల దగ్గర పాతది ఇంకోటి.
దాంట్లో గడ్డి అనేదే లేదు.
ఇసకలో ఇంజనాయిలు కలిపి తొక్కి
గుంత చుట్టూ నల్లగా, రొట్టెపెనం మాదిరి.
ఆట అయినాక కొయ్యపలక ఈడ్చి
మన అడుగులు మనమే చెరిపేసి రావాల.
ఎవురూ ఫోటో తీసుకోని ఆ చోటు
నాకెందుకో ఇప్పటికీ కలలోకి వస్తాది.
పైసల్లేనోడు కూడా
పట్టుబట్టి పెట్టుకున్న పండగ అది.

మోకాలు పోయినాక పొన్నప్ప గారు
ఏడో నంబరు కడ్డీ ఒకటి, బంతి ఒకటి ఇచ్చి పంపినారు.
ఏడాదిగా అటకమీద.

మొన్న చెనిక్కాయ పీకేసినాం.
ఖాళీ చేను గట్టుమీద నిలబడి చూస్తే,
అబ్బా,
వంకను చూసి మా చేను ఎడమకు మళ్ళుతుంది.
ఆటలో దాన్ని కుక్కకాలు అంటారు.
ఆ మళ్ళే తావులో కానగచెట్టు,
దాని వెనక మునెప్ప బోరు దగ్గర పచ్చగా పిడికెడు గరిక.
నలభై ఏండ్లు దున్నినా
కనపడలేదు నాకు!

అటక దిగింది కడ్డీ.
ఎవురి బంతి యాడ పడిందో
అంగుళం తప్పకుండా చెప్పినోణ్ణి,
నాది కొట్టేటప్పుడు
కండ్లు మూసుకున్నా.
చేతుల్లో చిన్న జలదరింపు.
తరవాత చప్పుడు లేదు.

వెతకడం తెలిసిన పనే.
చాళ్ళల్లో, తంగేడు మొదళ్ళల్లో,
కుంటుకుంటా, పొద్దు వాలేదాకా.

ఆ పక్కన దొరసానమ్మ తొలిక పట్టుకొని
మట్టిలో మిగిలిపోయిన కాయలకు పరిగె ఏరతా ఉండాది.
నన్ను పిలవలేదు, ఏమని అడగలేదు.
ఒళ్ళో కాయల నడుమ నుంచి
తెల్లటిది ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.
"ఒళ్ళంతా గుంతలే.
పుచ్చు కాయ" అనింది,
పెదాల మూల నవ్వు అదిమిపెట్టి,
కూర్చున్న చోటనుంచే
గట్టు అవతలికి విసిరింది.

కానగచెట్టు దాటి,
మళ్ళే తావు మళ్ళి,
గరిక అంచున పడింది.

మణికట్టు ఇంకొంచెం వదులుగా పెట్టుంటే,
అని నోటిదాకా వచ్చింది.
అనలేదు.
తువ్వాలు భుజానేసుకుని
తేను పోయినా.