నలభై గంటల బాకీ

ముప్పయ్యేళ్లు జాకెట్లు కుట్టిన చేతికి
ఈ పొద్దు ఒక సర్టిఫికెట్ ఇచ్చినారు.
షేక్ కాసింబి, తోటల స్వచ్ఛంద సలహాదారు,
అనంతపురం, మూడో రోడ్డు నుంచి తొమ్మిదో రోడ్డు దాకా.
ఖాసింబీని కాసింబి చేసినారు.
దిద్దిస్తామన్నారు. వద్దులే అన్నాను,
కొలత తప్పిన బట్టలతో
నేనెంతమందిని సర్దుకోమన్లేదు.

షరతు ఒకటే:
ఏడాదికి నలభై గంటలు ఊరికి ఊరికే ఇయ్యాల.

పదహారు శనివారాలు, రేకుల షెడ్డు కింద,
రిటైరైన కండక్టరు పెద్దోబులేసు, నర్సు ఎలీశమ్మ, నేను,
మధ్యలో మానేసిన ఒక బ్యాంకాయన.
"ఆకును తిప్పి చూడండి" అన్నాడు సారు,
"జబ్బు అడుగున ఉంటుంది."
నాకు నవ్వొచ్చింది.
కుట్టు మంచిదా కాదా అని
లోపలి పక్క తిప్పి చూసే కదా ఇంతకాలం బతికింది.

పిండినల్లిని చిన్నప్పుడే ఎరుగుదును,
మందార మీద దూది రాలినట్టుంటుంది.
సబ్బునీళ్ల పాళ్లు మాత్రం షెడ్డులోనే తెలిసినాయి.
తడిపి పిడికిట పడితే
ముద్దయ్యేది రేగడి, జారిపోయేది గరుసు.
మా వీధిది రెండూ కాదు,
ఇల్లు కట్టి మిగిలిన సిమెంటు, ఇటుక పెంకు,
ఎవరి చేతిదో ఒక గాజు ముక్క.
దాన్ని మట్టి చేయడానికి
హోటలు టీ పిప్పి, బుడ్డల పొట్టు, పేడ,
రెండు ఎండాకాలాలు.

కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే చోట
చెట్టు పెట్టమని చెప్పడం
అప్పు అడిగినట్టే.
"బియ్యం కడిగిన నీళ్లు పొయ్యి సుంకమ్మా" అంటే
"అవి మా ఎనుముకు" అంటుంది.
అదీ నిజమే. పుస్తకంలో ఎనుము లేదు.

పరీక్షలో చివరి ప్రశ్న:
చెట్టు ఎందుకు చస్తాందో నీకు తెలియకపోతే ఏం చేస్తావు?
పెద్దోబులేసు పేజీన్నర రాసినాడు.
నేను ఒక్క ముక్క: తెలీదంటాను, కనుక్కొని మళ్లీ వస్తాను.
పదికి పది. పక్కన ఎర్ర ఇంకుతో సారు రాత:
"రాయడం సులువు."

బ్యాడ్జీ పెట్టుకున్న మొదటి సాయంత్రమే
ఐదో రోడ్డు కేశన్న పిలిచినాడు.
భార్య నాటిన దానిమ్మ. ఆమె పోయి పదకొండు నెలలు.
చెట్టు ఒక పక్క పూత, ఒక పక్క ఎండు.
ఆకు తిప్పినాను, బెరడు గీకినాను,
మొదలు దగ్గర తవ్వి వాసన చూసినాను.
ఆయన చెట్టును చూడటం లేదు,
బ్యాడ్జీని చూస్తున్నాడు.
నోటిదాకా వచ్చినాయి మూడు పెద్ద మాటలు,
మూడూ సారువే.

మింగేసి చెప్పినాను: తెలీదన్నా.
ఎండు కొమ్మ ఒకటి కత్తిరించి
లైనింగు గుడ్డలో చుట్టుకున్నాను,
సోమవారం సారుకు చూపిస్తానని.
కేశన్న లోపలికి పోయినాడు.
తలుపేసుకుంటాడనుకున్నా.
స్టూలు తెచ్చి వేసి, "అయితే కూర్చోమ్మా,
ఆమె దీన్ని ఎట్ల నాటిందో చెప్తా" అన్నాడు.

గుంతకు అలిగిందంట. చోటు మార్చిందంట.
ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి
నీళ్లు పోసినావా అని అడిగిందంట, రోజూ,
పోసినానని అబద్ధం చెప్పినాడంట, రెండుసార్లు.

ఇంటికొచ్చి రిజిస్టరు రాసినాను.
సేవ, రెండు గంటలు. బాకీ, ముప్పై ఎనిమిది.
ఇచ్చిన సలహా అన్న గడి ఖాళీ.
మిషను మీద రేపటి పెళ్లి జాకెట్,
ఒక చెయ్యి ఇంకా అతకాల.