రెండు పలకలు తక్కువ

అడుగుకి పద్దెనిమిది రూపాయలు తేడా.
ఆ పద్దెనిమిదిని గాలిలో వేలితో హెచ్చవేసి
నలుగురం కలిసి చైనా నుంచి ఒక కంటైనర్ మాట్లాడుకున్నాం.

యారాడ కొండ పక్కనుంచి ఓడ లోపలికొస్తుంటే
కోస్టల్ బ్యాటరీ దగ్గర స్కూటర్ ఆపి చూశాను.
అది మాదో కాదో,
చెయ్యయితే ఊపాను.

తర్వాత పదకొండు రోజులు
కస్టమ్స్ బల్ల మీద ఒక కాగితం నిద్రపోయింది.
పెట్టె మాత్రం రోజూ అద్దె తింది.
పద్దెనిమిది తొమ్మిదయింది, నాలుగయింది,
ఆపైన నూకరత్నం లెక్క అడగడం మానేసింది.

పెందుర్తిలో అట్టలు విప్పితే
పలకల మధ్య ఎవరిదో చేతి తొడుగు,
బొటనవేలి దగ్గర చిల్లు.
మేస్త్రీ పైడయ్య తొడుక్కుని చూశాడు.
"నా ఏలూ ఇక్కడే అరుగుతాది" అన్నాడు,
తీసి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి రెండు పలకలు తక్కువొచ్చాయి.
రెండింటి కోసం ఓడ రాదు కదా.
వంటగది గుమ్మం ముందు ఆ జాగాలో
పెరట్లో బట్టలుతికే కడపరాయిని
కోసి పరిచాడు.

ఇల్లంతా మెరుస్తుంది, జారుతుంది.
తడికాళ్లతో వచ్చినవాళ్లం
అందరం
ఆ రాయి మీదే నిలదొక్కుకుంటాం.