మబ్బుతల కుక్క

ఎవొరా పొలిమేరలో సెకేరాల బంగళా.
నడవా పొడుగునా నీలి పింగాణీ పలకల మీద వేట:
గుర్రాలు, బల్లేలు, పొదల్లో దూరే అడవిపంది.
దాని వెంటపడ్డ కుక్కకి మాత్రం
తల ఉండాల్సిన చోట మబ్బుతునక.

పలకలన్నీ ఊడదీసి, ఉప్పు కడిగి,
వీపు మీది అంకెలు చూసి వరస కడుతున్నాను.
నాలుగో వరస, పదకొండు. తప్పు అక్కడే.

తోటలో నారింజలు ఏరుతూ లియొనీల్డ్ చెప్పింది:
బంతితో పగలగొట్టింది దొరగారబ్బాయే.
దెబ్బలు మాత్రం తన కొడుక్కే పడతాయని
వంటామె ఎర్మీనియా, మా అమ్మమ్మ,
రాత్రికి రాత్రి కొట్టుగది గోడలోంచి
ఓ మబ్బు పెకలించి తెచ్చిందట.
దొర ఆ నడవాలో నలభై ఏళ్ళు తిరిగాడు.
చూడలేదు.

అద్దాల పెట్టెలో సెకేరాల పెళ్ళిళ్ళు, దావాలు, ద్రాక్ష లెక్కలు.
ఎర్మీనియా ఒక్క పుటలో ఉంది, పేరు లేకుండా:
"వంటకత్తెకు, రెండు కుంచాల నూనె."

ట్రస్టువాళ్ళ ఉత్తరం వచ్చింది.
కుక్క తల కొత్తగా గీయించి పెట్టాలట.

సున్నం తడిపాను.
మబ్బునే పెట్టాను, ఈసారి ఇంకాస్త గట్టిగా.
ముక్కు లేకపోయినా
అది ఇంకా పందినే తరుముతోంది.