పసుపు మూత గొట్టం

స్టోక్‌లో గురువారం. వాన.
డోరీన్ కోక్లీ స్వెటర్ చెయ్యి పైకి లాగి
"ఎడమది వద్దు పిల్లా, దాని నరం దొంగది" అంటుంది.

ముప్పయ్యొక్క ఏళ్లు
కప్పులకు పిడులు అతికించిన వేళ్లు.
సాయంత్రం గేటు దగ్గర
ఏప్రన్ దులుపుకునే ఇంటికెళ్లేదట.
లోపలికెళ్లిన దుమ్మును దులిపేదెవరు?

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు మావైపు.
ఈ గుదియకి మాత్రం తొందరలేదు.

ఊదుడు పరీక్ష పోయినసారి
దగ్గుతోనే ముగిసింది.
అందుకని నెత్తుర్నే అడుగుతున్నాం:
ఊపిరితిత్తిలో మచ్చ ఇంకా పాకుతోందా?
అన్నం సయించనివ్వని, ఎండలోకి పోనివ్వని
ఆ మాత్ర
తిన్నందుకైనా పనిచేస్తోందా?

మార్చిలో అంకె కొంచెం దిగింది.
డాక్టరు నవ్వబోయి ఆగాడు.
"ఒక్క అంకెను నమ్మలేం, ఇంకోటి రానీ."
డోరీన్ మాత్రం ఆ రోజు
బస్సెక్కకుండా మార్కెట్ దాకా నడిచిందట,
మూడుచోట్ల ఆగి.

ఎవరింటికెళ్లినా కప్పు తిరగేసి
అడుగున ముద్ర చూడ్డం ఆమెకలవాటు.
నా టీ కప్పునీ వదల్లేదు.
"మనూరిది కాదు," పెదవి విరిచింది.

సూది తీసి దూది అదిమి
గొట్టాన్ని మెల్లగా తిరగేస్తాను,
ఒకటి, రెండు... ఐదుసార్లు.
ఆమె కళ్లు చిట్లించి
దాని అడుగు చూస్తోంది.