మూడింటికి ఆగే వాచీ

ముర్గాబ్‌లో మొబైల్ కవర్ల అంగడికీ
మనీ ఎక్స్ఛేంజీకీ మధ్య నాలుగడుగుల సందు నాది.
ఒక బల్ల, ఒక దీపం, కంటికి బిగించిన భూతద్దం.
ప్రొద్దుటూరులో మా మామ నేర్పిన మొదటి పాఠం:
ఆగిన వాచీని వెంటనే విప్పకు,
ముందు చెవి దగ్గర పెట్టుకో.

పెట్టుకున్నాను.
ఓబులేసన్న తెచ్చిన పాత సీకో.
మొదటి రెండు జీతాలు కలిపి ఇక్కడే కొన్నాడట,
వారం పేరు అరబ్బీలో పడే రకం.
"రాత్రి ఏ మూడింటికో నిలబడిపోతాంది అబ్బీ,
రోజూ ఆ యాళకే."
చెవిలో ఏమీ లేదు.
ఒక్కసారి కుదిపాను.
లోపల రోటర్ గిర్రున తిరిగి, టిక్కుటిక్కుమంటూ లేచింది
కునుకు తీస్తూ పట్టుబడ్డ నైట్ డ్యూటీ మనిషిలా.

ఇది కీ ఇచ్చే వాచీ కాదు.
పక్కనున్న మర టైము మార్చడానికే.
చెయ్యి కదిలితే తింటుంది, కదలకపోతే పస్తు.

వెనక మూత తీశాను.
నూనె ఎండి పాకంలా బిగుసుకుంది, కడిగాను.
రబ్బరు రింగు పెళుసెక్కింది, మార్చాను.
మూడో చక్రం పళ్ళ మధ్య ఒకే ఒక్క ఇసుక రేణువు.
ఏ ఏటి దుమ్ముగాలిదో,
భూతద్దంలో అది గోధుమరంగు కొండ.
అయస్కాంతం పట్టిందేమోనని దిక్సూచి పక్కన పెడితే
ముల్లు ఉలకలేదు.
తిప్పే యంత్రానికి తగిలించి రూముకి పోయాను.
పొద్దున వచ్చి చూస్తే సెకనుకు సెకను సరి.
నాలుగు దీనార్లు తీసుకున్నాను.

వారానికి మళ్ళీ వచ్చాడు.
మళ్ళీ విప్పాను. స్ప్రింగు మార్చాను. డబ్బులడగలేదు.
బల్లమీద నలభై గంటలు నడిచింది,
ఆయన చేతిమీద ఒక్క రాత్రి నడవలేదు.

మూడోసారి వాచీని విప్పలేదు.
స్టూలు జరిపి మనిషిని కూర్చోబెట్టాను.
"ఇప్పుడేం పని నీది?"

ఇరవై ఏళ్ళు కడ్డీలు కట్టాడట.
బైండింగ్ వైరు, కొక్కెం, దినానికి వేల మెలికలు.
అప్పుడు ఒక్కనాడు ఆగలేదట.
నడుం పోయాక, కఫీల్ మంచోడు గనక,
షువైఖ్‌లో గోడౌను కెమెరాల గదిలో కూర్చోబెట్టాడు.
పదహారు బొమ్మలు, పన్నెండు గంటలు.
ఏ బొమ్మలోనూ ఏదీ కదలదు.
కదిలితే బెల్లు నొక్కాలి.
ఇంతవరకూ ఒక పిల్లి.

చెప్తున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి నా బల్లమీద
ఎవరో దించి మరిచిపోయిన మూటలా ఉంది.

"వాచీకి రోగం లేదు ఓబులేసన్నా" అని,
తర్వాతి మాట మింగి,
"గంటకోసారి లేచి నడువన్నా" అన్నాను.
"ఆ గదిలో గూడా ఒక కెమెరా ఉంది లే" అన్నాడు.

రంజాన్ పోయాక వచ్చాడు, పట్టీ మార్చమని.
వాచీ నడుస్తోంది, నిండుగా.
రూములో రాజలింగు అని మెట్‌పల్లి మనిషట,
ప్లాస్టరింగ్ పని.
పగలంతా వాచీ అతని చేతికి.
సాయంత్రం బస్సు దిగి విప్పి ఇస్తాడు,
ఇంకా వెచ్చగా ఉంటుందట.
"వాడు తాపీ ఆడిస్తే దీనికి కడుపు నిండుతాది,
నాకు తెల్లార్లూ వస్తాది."
మరి అతనికేమిస్తావన్నాను.
"చపాతీలు నేనే కాలుస్తా. నా వంతూ, వాని వంతూ."

పాత పట్టీకి రెండు బొక్కలు సాగి ఉన్నాయి,
లావు మణికట్టుకొకటి, సన్న మణికట్టుకొకటి.
గాజు అంచున ఎండిన సిమెంటు గీత.
గుడ్డ తీసుకొని, మళ్ళీ పక్కన పెట్టేశాను.
కొత్త పట్టీకి సూదితో ఇంకో బొక్క పొడిచాను.

"జుమ్మా నాడే తంటా" అన్నాడు లేస్తూ.
ఆ రోజు రాజలింగుకు సెలవు, మంచం దిగడు.
ఆ రాత్రి మాత్రం మూడింటికి ఆగుతుందట.
"కుదపవా?" అన్నాను.

"వాణ్ని పడుకోనీ" అన్నాడు.